పునుగుల బండి బోర్డుకి బొద్దు అక్షరాలు: గీయడం ఎలా, వాడడం ఎలా

మా పిన్ని కొడుకు పోయినేడు విజయవాడలో సాయంత్రం పూట పునుగుల బండి పెట్టాడు. "అన్నా, బోర్డు నువ్వే చెయ్యాలి, అందరి బోర్డుల్లా ఉండకూడదు, దూరం నుంచి చూడగానే నవ్వు రావాలి" అన్నాడు. నేను డీటీపీ పని చేసేవాణ్నే, పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు రోజూ చేస్తాను కాబట్టి ఇదెంత పని అనుకున్నా. లావుగా ఉన్న ఒక ఫాంటు తీసుకుని, ఇంకా లావుగా కనబడాలని బోల్డ్ బటన్ కూడా నొక్కి, చుట్టూ పసుపు రంగు అంచు గీత, అదే స్ట్రోక్, ఇచ్చి పంపేశా. ఫ్లెక్సీ వచ్చింది. రోడ్డు అవతల నిలబడి చూస్తే "వునుగులు" అని ఉంది. ప పైన ఉండాల్సిన చిన్న సందు స్ట్రోక్‌లో పూడిపోయి, ప కాస్తా వ అయి కూర్చుంది. వాడు ఏమీ అనలేదు గానీ, పక్కన టీ కొట్టాయన మాత్రం వారం రోజులు "వునుగులు రెండు ప్లేట్లు" అని అరిచాడు.

ఆ తర్వాత అక్షరాలు నేనే గీద్దామని కూర్చున్నా, అది నెమ్మదిగా ఫాంటు అయింది. దాదాపు ఏడు నెలలు పట్టింది, అదీ రాత్రుళ్లు మాత్రమే. కింద రాసినవన్నీ అప్పుడు తెలిసినవి. ఫాంటు తయారు చేయాలనుకునేవాళ్లకీ, ఉన్న ఫాంటుని సరిగ్గా వాడితే చాలనుకునేవాళ్లకీ ఇద్దరికీ పనికొస్తాయి.

గుండ్రంగా ఉంటే సరదాగా ఉన్నట్టు కాదు

ఇంగ్లిష్‌లో సరదా అక్షరం కావాలంటే మొదట చేసే పని మూలలు గుండ్రం చేయడం. 1922లో వచ్చిన కూపర్ బ్లాక్ అనే అక్షరాన్ని చూడండి, ఊదిన బూరలా ఉంటుంది, ఇప్పటికీ చాలా బోర్డుల మీద బతికే ఉంది. తెలుగులో ఆ కిటుకు చెల్లదు, మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం. ర ని ఇంకెంత గుండ్రం చేస్తారు? కాబట్టి అల్లరి వేరే చోట వెతుక్కోవాలి.

నాకు అది తలకట్టులో దొరికింది. ముఖంలో కనుబొమ్మ ఎలాగో తెలుగక్షరంలో తలకట్టు అలాగ, కాస్త పైకి లేపితే ఆశ్చర్యపోయినట్టు, కిందకి వంచితే అలిగినట్టు, మొత్తంగా పక్కకి ఒరిగిస్తే వెక్కిరిస్తున్నట్టు కనబడుతుంది. కింద ఒళ్లంతా బుద్ధిగా ఒకే పద్ధతిలో ఉంచి తలకట్టు ఒక్కదాన్ని అల్లరిగా గీస్తే పదం మొత్తం నవ్వుతుంది, చదవడానికీ ఇబ్బంది ఉండదు. ఒళ్లు కూడా వంకర్లు తిప్పితే ఏ అక్షరమో తెలియక చదివేవాడికి చిరాకు. ఫాంటంతా ఈ ఒక్క నిర్ణయం మీద నిలబెట్టా: లావు ఒంటికి, అల్లరి తలకట్టుకి.

ఇక్కడొక చిక్కుంది. జ, ట, ణ, బ, ల లాంటి వాటికి తలకట్టే లేదు. గుడి పడితే క కి కూడా తలకట్టు పోయి కి అవుతుంది. అంటే "బజ్జీ" లాంటి పదంలో మీ అల్లరి అంతా మాయం. అందుకని గుడి, గుడిదీర్ఘం, ఏత్వం కూడా తలకట్టు ఏ కోణంలో ఒరిగిందో ఆ కోణంలోనే, చివర అదే మందంతో, అదే గుండ్రటి ముగింపుతో గీయాలి. ల, బ ల చివర్లు పైకి లేచే చోట అదే వంపు ఇవ్వాలి. లేకపోతే సగం అక్షరాలు పండక్కి కొత్త బట్టలు కట్టుకుని, సగం మామూలుగా వచ్చినట్టుంటుంది.

ముందు కాగితం

కంప్యూటర్ తెరవకండి. గుండ్రటి మొన ఉన్న లావుపాటి మార్కర్ తీసుకుని పాత న్యూస్‌పేపర్ మీద ఒకే పదం ముప్పై నలభై సార్లు రాయండి. నేను "పునుగులు" అనే రాశా. న్యూస్‌పేపర్ ఎందుకంటే తెల్ల కాగితం చూస్తే చెయ్యి బిగుసుకుపోతుంది, అందంగా రాయాలన్న టెన్షన్ వస్తుంది. ఇరవయ్యో సారికి చెయ్యి వదులవుతుంది, అప్పుడు వచ్చే వాటిల్లో రెండో మూడో పనికొస్తాయి. వాటిని ఫోన్‌తో ఫొటో తీసి పక్కన పెట్టుకోండి, వాటిని ఉన్నవున్నట్టు దిద్దకండి, ఆ ఊపు గుర్తుండటానికి మాత్రమే.

"పునుగులు" మంచి పదం అని తర్వాత అర్థమైంది. నాలుగు అక్షరాలు, నాలుగు కొమ్ములు. ను, గు, లు లో కొమ్ము కుడి పక్కన లేస్తుంది. పు లో మాత్రం కింది నుంచి చుట్టుకుని వస్తుంది. ఇదేదో అందం కోసం పెట్టింది కాదు, వ కి కొమ్ము మామూలుగా పక్కన తగిలిస్తే అది మ లా కనబడుతుంది, ప కి తగిలిస్తే ఘ వైపు పోతుంది, అందుకే పు, ఫు, వు లకి కొమ్ము కింద నుంచి. సరదా ఫాంటు కదా అని ఇక్కడ చెయ్యి పెడితే దెబ్బ తింటారు. అక్షరాన్ని అక్షరంగా నిలబెట్టే చోట్లు కొన్ని ఉంటాయి, ప పైన సందు, పు కింద కొమ్ము, ధ కింద పొట్టి గీత, థ కడుపులో చుక్క, అవి పవిత్రం. మిగతా చోట ఎంత ఆడుకున్నా ఫరవాలేదు.

మిగిలిన మూడు కొమ్ములూ ఒకే అచ్చులో పోసినట్టుంటే మెషీన్ కొట్టినట్టుంటుంది. చేత్తో రాసేటప్పుడు చివరి లు కొమ్ముని మనం తెలియకుండానే కాస్త పొడుగ్గా లాగి వదిలేస్తాం. నేను కొమ్ములు రెండు రకాలు గీశా, పొట్టిదొకటి, తోక ఉన్నదొకటి. పదం చివర తోక కొమ్ము దానంతటదే వచ్చేలా ఫాంటులో పెట్టొచ్చు, కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ (చోటుని బట్టి అక్షరం ఆకారం మార్చే నియమం) అనే ఫీచర్‌తో. ఇంతకు మించి రకాలు పెట్టకండి. నేను నాలుగు పెట్టి చూశా, పదం కుదురుగా లేక పిల్లల చేతిరాతలా తయారైంది.

లావు లెక్క

అసలు తిప్పలన్నీ ఇక్కడే. లావు పెంచడమంటే గీత బయటికి పెంచడం అనుకుంటాం, కానీ అక్షరం ఎత్తు మారదు కాబట్టి గీత లోపలికి కూడా పెరుగుతుంది, లోపలి ఖాళీ తరిగిపోతుంది. ఇంగ్లిష్ ఓ లో అయితే ఒక్క ఖాళీ, అది చిన్నదైనా ఓ ఓనే. మన దగ్గర ఆ ఖాళీలోనే చుక్కలూ గీతలూ ఉంటాయి.

ర, ఠ పక్కపక్కన పెట్టుకుని చూడండి. తేడా కడుపులో చుక్క ఒక్కటే. ఫాంటు సాఫ్ట్‌వేర్‌లో అక్షరం కూర్చునే చదరాన్ని మామూలుగా 1000 యూనిట్లుగా విభజిస్తారు. నా ర ఎత్తు 600 యూనిట్లు, గీత మందం 160. పైన 160, కింద 160 పోతే లోపల మిగిలేది 280. అందులో ఠ కోసం 110 యూనిట్ల చుక్క పెడితే పైన 85, కింద 85 మిగులుతుంది. కాగితం మీద బాగానే ఉంది. ఫోన్‌లో 24 పిక్సెళ్ల సైజులో ఆ 85 యూనిట్లు రెండంటే రెండు పిక్సెళ్లు, ఇంకా చిన్న సైజులో చుక్క, గోడ కలిసిపోయి నల్ల ముద్ద. అప్పుడు ఠ కి మాత్రం గోడ మందం 140కి తగ్గించా. లోపల 320 వచ్చింది, చుక్క 120 చేశా, రెండు పక్కలా 100 చొప్పున మిగిలింది. కంటికి ర, ఠ ఒకే లావుగా కనబడతాయి, ఎందుకంటే చుక్క నలుపు కూడా లెక్కలోకి వస్తుంది. కొలిస్తే తేడా, చూస్తే సమానం. లావు అక్షరాల పనంతా ఇలాంటి దొంగలెక్కలే, కొలబద్ద మాట వినొద్దు, కన్ను మాట వినండి.

థ కీ ఇదే వైద్యం. ష, ఘ, ఝ లాంటి గీతలెక్కువ ఉన్నవాటికి ఇంకా సన్నబడాలి, అలాగే కాస్త వెడల్పు కూడా ఇవ్వండి. అన్నీ ఒకే వెడల్పులో ఉండాలన్న రూలు ఎవరూ పెట్టలేదు. ఝ ఇరుక్కుని కూర్చోవడం కంటే కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటేనే సరదాగా ఉంటుంది.

తలకట్టు ఒంటికి అతుక్కునే చోట రెండు లావు గీతలు కలిసి సిరా ముద్దలా కనబడుతుంది. అక్కడ గీతని కొంచెం సన్నం చేసి, లోపలి మూలలో చిన్న గాటు పెట్టండి. పెద్ద సైజులో చూస్తే ఎలక కొరికినట్టు అనిపిస్తుంది, దూరం నుంచి చూస్తే శుభ్రంగా ఉంటుంది. ప పైన సందుని నేను మామూలు కంటే ఒకటిన్నర రెట్లు వెడల్పు చేశా. మళ్లీ వునుగులు అనిపించుకునే ఓపిక లేదు.

ఎన్ని అక్షరాలతో మొదలుపెట్టాలి అంటే ఆరు చాలు: ర, గ, ప, ల, క, త. ర తో గుండ్రం తేలుతుంది, గ తో కింద తెరిచి ఉన్న వాటి పద్ధతి తేలుతుంది, ప కుదిరితే వ, స, ష, ఫ, మ, య, ఘ, హ అన్నీ దాని చుట్టాలే కాబట్టి సగం పని అయినట్టే. ల తలకట్టు లేని వాటికి నమూనా. ఈ ఆరూ కుదిరేదాకా ఏడో అక్షరం ముట్టుకోకండి. నేను ఆత్రంగా ముప్పై గీసేసి, తర్వాత గీత మందం మార్చాల్సి వచ్చి, ముప్పై మళ్లీ గీశా.

ఒత్తులు

ఒత్తులంటే అసలక్షరాన్ని చిన్నది చేసి కింద పెట్టడమే కదా అనుకుంటే రెండు తప్పులు. ఒకటి, త, న, మ, య, ర, ల ఒత్తులు అసలక్షరాల్ని పోలవు, వాటిని విడిగా గీయాల్సిందే. రెండు, మిగతావాటిని చిన్నది చేసినా గీత కూడా చిన్నదైపోతుంది. 160 మందం ఉన్న అక్షరాన్ని 60 శాతానికి కుదిస్తే గీత 96 అవుతుంది, పైన పహిల్వాను, కింద బక్కప్రాణి. నేను ఒత్తుల గీతని 125 దగ్గర ఉంచా, అంటే ప్రతి ఒత్తూ కుదించాక మళ్లీ చేత్తో లావు చేయాల్సిందే. దగ్గరి దారి లేదు.

ఒత్తు ఎంత కిందకి దిగాలి అన్నది ఇంకో తగువు. లావు ఫాంటులో కిందకి దిగితే లైన్ల మధ్య దూరం పెరుగుతుంది, పైకి జరిపితే అసలక్షరానికి అతుక్కుంటుంది. సరదా ఫాంటులో అతుక్కోవడం తప్పేం కాదని నా అభిప్రాయం, అమ్మ లో మ కింద ఒత్తు కాస్త తగిలి ఉంటే ముద్దుగానే ఉంటుంది. కానీ తగిలితే పూర్తిగా తగలాలి, లేదా స్పష్టంగా దూరం ఉండాలి. వెంట్రుకవాసి సందు ఉంటే ప్రింటులో అది మురికిలా కనబడుతుంది.

పరీక్ష పదాలు అనగానే అందరూ స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం పెడతారు. పెట్టండి, ముఖ్యమే, ఒకదాని కింద ఒకటి రెండు ఒత్తులు పడినప్పుడు ఎవడు ఎవడి మీద ఎక్కాడో తెలుస్తుంది. కానీ సరదా ఫాంటుని జనం వాడేది స్వాతంత్ర్యం రాయడానికి కాదు. నేను మా తమ్ముడి మెనూ పెట్టుకున్నా: మిర్చి బజ్జీ, ఉల్లి పకోడీ, అల్లం చట్నీ, ఎగ్ బోండా, చికెన్ ఫ్రై, స్పెషల్ ప్లేట్. ఇందులో ర్చి ఉంది, జ్జీ ఉంది, ట్నీ ఉంది, ఫ్రై లో క్రావడీ ఐత్వం రెండూ ఉన్నాయి, పొల్లులు బోలెడు. ఇంగ్లిష్ మాటలు వచ్చాక పొల్లు వాడకం విపరీతంగా పెరిగింది, పాత ఫాంటుల్లో దాన్ని ఏదో అప్పుడప్పుడు వచ్చే చుట్టంలా గీసేవాళ్లు, ఇప్పుడది ఇంట్లో మనిషి. దానికీ తలకట్టంత శ్రద్ధ పెట్టండి.

ఇంకోటి, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటలు. ట్ తర్వాత వే టైప్ చేస్తే వ ఒత్తై కిందకి దిగిపోతుంది. అలా దిగకుండా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు కొడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు దాన్ని. మీ ఫాంటులో ఆ గుర్తు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కొన్ని యాప్‌లలో దాని స్థానంలో వేరే ఫాంటు దూరి పొల్లు ఒక తీరుగా, మిగతాది ఇంకో తీరుగా వస్తుంది.

సాఫ్ట్‌వేర్ గురించి కొంచెం

డబ్బు పెట్టలేం అంటే ఫాంట్‌ఫోర్జ్ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, చూడ్డానికి పాతకాలం దానిలా ఉంటుంది గానీ పని చేస్తుంది. మ్యాక్ ఉంటే గ్లిఫ్స్ అని ఒకటుంది, కొనుక్కోవాలి, చాలా హాయి. అక్షరాలు ఇంక్‌స్కేప్‌లో గీసి తెచ్చుకున్నా సరే. గీసేటప్పుడు పాయింట్లు (గీత వంపుని పట్టి ఉంచే చుక్కలు) తక్కువ పెట్టండి, గుండ్రానికి పైన, కింద, ఎడమ, కుడి నాలుగు చాలు. మార్కర్ ఫొటోని ఆటో ట్రేస్ చేస్తే, అంటే కంప్యూటర్ చేతే గీయిస్తే, ఒక్కో అక్షరానికి వంద పాయింట్లు వచ్చి పడతాయి, తర్వాత లావు సరిచేయాలంటే నరకం.

తలకట్టు, గుడి, కొమ్ము వంటివి విడి ముక్కలుగా గీసి, కంపోనెంట్లుగా వాడుకోండి. ఒకచోట తలకట్టు మారిస్తే అన్ని అక్షరాలకీ మారుతుంది. గుణింతాలూ ఒత్తులూ కలిపి తెలుగు ఫాంటులో ఐదారు వందల ఆకారాలు మామూలే, అన్నీ చేత్తో మార్చుకుంటూ కూర్చోలేం. క్ష కోసం అఖండ్ అనే ఫీచర్, ఒత్తుల కోసం బిలో బేస్ ఫార్మ్స్ అనే ఫీచర్ రాసుకోవాలి. ఇవి మొదటిసారి రాసేటప్పుడు జుట్టు పీక్కుంటారు. నేనైతే ఓపెన్ లైసెన్స్‌తో వచ్చిన ఒక ఫాంటు తెరిచి, అందులో ఎలా రాశారో చూసి నేర్చుకున్నా.

దీనికి బాలూ తమ్ముడు కంటే మంచి పాఠం లేదు. ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్లు చేసిన బాలూ అనే లావు ఫాంటు కుటుంబంలో తెలుగు భాగం పేరు తమ్ముడు, తమిళం తంబి, మలయాళం చేట్టన్, పంజాబీ పాజీ, ఇలా ఒక్కో భాషలో ఒక్కో పిలుపు పెట్టారు. అది ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో వస్తుంది, అంటే తెరిచి చూడొచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు, ఫాంటుని విడిగా ఒక సరుకులా అమ్మడం మాత్రం కుదరదు. మీరు మార్చి బయటికి వదిలితే అదే లైసెన్స్ కిందే వదలాలి, వాళ్లు పేరు రిజర్వ్ చేసుకుని ఉంటే మీదానికి వేరే పేరు పెట్టాలి. వాళ్ల గీతలు ఎత్తేసి మీవని చెప్పుకోకండి, చూసి నేర్చుకోవడం వేరు.

ఫాంటు ఎగుమతి చేసేముందు ఎత్తు, లోతు కొలతలు చూసుకోండి. ఒత్తు కింద ఒత్తు పడే పదం ఎంత లోతు దిగుతుందో, ఓత్వం, పొల్లు ఎంత ఎత్తు లేస్తాయో కొలిచి ఆ అంకెలు ఇవ్వాలి. తక్కువ ఇస్తే ఫోన్‌లో బటన్ల మీద ఒత్తుల కాళ్లు తెగిపోతాయి.

గీయడం రాకపోయినా ఫరవాలేదు, వాడడం వస్తే చాలు

నిజానికి తొంభై శాతం మందికి కావాల్సింది ఈ భాగమే. బాలూ తమ్ముడు 2 ఉంది, ఐదు మందాల్లో దొరుకుతుంది. సిలికానాంధ్ర అనే సంస్థ విడుదల చేసిన వాటిల్లో రామభద్ర ఉంది, హెడ్డింగుల కోసమే చేసిన లావు ఫాంటు. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అల్లరి కావాలంటే మొదటిది, కొంచెం పెద్దరికం కావాలంటే రెండోది.

ఇప్పుడు నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండటానికి. ఇప్పటికే లావుగా ఉన్న ఫాంటుకి బోల్డ్ బటన్ నొక్కకండి, సాఫ్ట్‌వేర్ గుడ్డిగా అన్ని వైపులా ఉబ్బించేస్తుంది, మీరు పైన చదివిన దొంగలెక్కలన్నీ గంగలో కలుస్తాయి. ఇటాలిక్ కూడా వద్దు, తలకట్టు ఒరుగుడూ ఆ ఒరుగుడూ కలిసి అక్షరం తాగినట్టుంటుంది. స్ట్రోక్ కావాలంటే ఫొటోషాప్‌లో పొజిషన్ అనే చోట అవుట్‌సైడ్ అని పెట్టండి. సెంటర్ అని ఉంటే సగం గీత లోపలికి పోయి అక్షరాన్ని తినేస్తుంది, నా ప కి జరిగింది అదే. అవుట్‌సైడ్ పెట్టినా ప సందులోకి, ర కడుపులోకి రంగు వస్తుంది కాబట్టి సన్నగా ఉంచండి. నాకైతే స్ట్రోక్ కంటే ముద్దయిన నీడ నచ్చుతుంది. అక్షరాన్ని కాపీ చేసి, ముదురు రంగేసి, కుడి పక్కకీ కిందకీ కొంచెం జరిపి వెనక పెడితే చాలు, ముందున్న అక్షరం చెడిపోదు. నీడ రంగు మాత్రం వెనక రంగుకి దగ్గరగా ఉండాలి, లేకపోతే సందులన్నిట్లో నీడే కనబడుతుంది.

పాత ఫొటోషాప్‌లో గానీ ఇన్‌డిజైన్‌లో గానీ ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఫాంటుని తిట్టకండి. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ అన్నది ఎంచుకోలేదేమో చూడండి. చాలాసార్లు అదే కారణం.

లైన్ల మధ్య దూరం ఇంగ్లిష్ అలవాటుతో పెట్టొద్దు. ఇంగ్లిష్‌లో లావు హెడ్డింగుని బిగించి పెడితే బాగుంటుంది, మనకి పై లైను ఒత్తు కింది లైను గుడి మీద కూర్చుంటుంది. వెబ్‌పేజీలో అయితే అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, మీ వాక్యంలో ఒత్తులు చూసి తగ్గించుకోండి. పోస్టర్‌లో అయితే ప్రతి లైనూ విడి ముక్కగా పెట్టుకుని చేత్తో జరపండి, పై లైను ఒత్తు కింద ఖాళీ ఎక్కడుందో చూసి అందులో కింది లైను గుడి దూరేలా చేస్తే రెండు లైన్లూ చేతులు పట్టుకున్నట్టు వస్తాయి. ఈ పని అరగంట పడుతుంది, పోస్టర్ మొత్తంలో జనం గుర్తుపెట్టుకునేది ఆ అరగంట పనే.

ఎన్ని మాటలు? రెండు, మూడు, మహా అయితే ఐదు. లావు సరదా ఫాంటులో అడ్రసు, ఫోన్ నంబరు, టైమింగులు, యజమాని పేరు అన్నీ రాస్తే అన్నీ ఒకేసారి అరుస్తున్నట్టుంటుంది, సంతలో నిలబడినట్టు. పేరు ఒక్కటి ఇందులో పెట్టి మిగతావి మండలి లాంటి నెమ్మదైన ఫాంటులో పెట్టండి. పిల్లల పుస్తకానికైనా అంతే, అట్ట మీద ఇది, లోపల వేరేది. ఐదేళ్ల పిల్ల ద, ధ తేడా ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది, దాని కళ్లతో ఆటలొద్దు.

ఎక్కడ వాడకూడదో మీకే తెలుస్తుంది అనుకుంటాం గానీ తెలియదు. కామిక్ శాన్స్ అనే ఇంగ్లిష్ ఫాంటుని 1994లో విన్సెంట్ కొనేర్ కార్టూన్ కుక్క మాటల బుడగ కోసం గీశాడు, ఆ పనికి అది చక్కగా సరిపోయే అక్షరం. దాన్ని నోటీసు బోర్డుల మీదా ఆసుపత్రి కాగితాల మీదా వాడేసరికి లోకమంతా తిట్టింది. మా వైపు సంతాపం ఫ్లెక్సీ మీద "అశ్రునివాళి" అన్న మాట బూరల్లాంటి అక్షరాల్లో నేను కళ్లారా చూశా, పైగా గులాబీ రంగు నీడతో. చేసినతను మంచివాడే, కంప్యూటర్‌లో నిన్నటి పుట్టినరోజు ఫైలు తెరిచి మాటలు మార్చాడంతే.

సైన్‌బోర్డు పనివాళ్ల దగ్గర ఒక లెక్కుంది, అంగుళం ఎత్తు అక్షరం పది అడుగుల దూరం నుంచి హాయిగా కనబడుతుంది అని. అది ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకి చెప్పిన లెక్క. మనకి ఒత్తు కూడా చదవబడాలి కాబట్టి ఆ లెక్కకి ఇంకో సగం కలుపుకుంటా నేను. నలభై అడుగుల రోడ్డు అవతల నుంచి కనబడాలంటే ఒళ్లు ఆరంగుళాలకి తగ్గకుండా. ప్రింటుకి పంపే ముందు చిన్న పరీక్ష ఒకటి: బొమ్మని వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని, తెరవకుండా చాట్‌లో కనబడే చిన్న సైజులోనే, చెయ్యి చాచి చూడండి. ఇంట్లో ఇంకెవరికైనా చూపించి "ఏం రాసుంది" అని అడగండి, మీకు పదం ముందే తెలుసు కాబట్టి మీ కన్ను మీకు అబద్ధం చెబుతుంది. మా అమ్మకి చూపించి ఉంటే వునుగులు ఆ రోజే దొరికేది.

ఫైలు ఫ్లెక్సీ షాపుకి పంపేటప్పుడు అక్షరాలన్నీ ఫాంటుతో పని లేని బొమ్మ గీతలుగా, అంటే కర్వ్స్‌గా మార్చి పంపండి, వాళ్ల కంప్యూటర్‌లో మీ ఫాంటు ఉండదు, ఒత్తులన్నీ చెల్లాచెదురవుతాయి. కానీ మార్చకముందు ఫైలు ఒక కాపీ దాచుకోండి. కొత్త బోర్డు పెట్టిన రెండు నెలలకి మా వాడు ఫోన్ చేసి "అన్నా, నూనె రేటు పెరిగింది, ప్లేటు ముప్పై కాదు నలభై అని మార్చాలి" అన్నాడు. నా దగ్గర కర్వ్స్ ఫైలు ఒక్కటే ఉంది. సరే కొత్తగా టైప్ చేద్దామని చూస్తే, ఏడు నెలలు కూర్చుని చేసిన ఫాంటులో అంకెలు గీయడం మర్చిపోయాను, ఆ కొత్త బోర్డులో 30 వేరే ఫాంటులోది తెచ్చి పెట్టాను. ఆ రాత్రి కూర్చుని సున్న నుంచి తొమ్మిది దాకా, రూపాయి గుర్తుతో సహా గీశా. 4 కి కూడా చిన్న తలకట్టు లాంటిది పెట్టా, మా వాడికి అదే బాగా నచ్చింది.